పాలిష్ పట్టిన శాసనం

మా అన్న జావీద్ ఆ ఫొటో పంపినప్పుడు నేను హాస్టల్ మెస్‌లో సాంబారు కోసం లైన్లో నిలబడి ఉన్నాను. ఫొటోలో నిలువెత్తు నల్లరాయి. అద్దంలా మెరుస్తోంది. నెత్తిన లోతుగా చెక్కిన సూర్యుడు, నెలవంక. వాటి కింద ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు, మా షాపు ట్యూబ్‌లైటు ప్రతిబింబం తప్ప. ఫొటో వెనకే వాయిస్ మెసేజ్ వచ్చింది.

"సైమా, నీ రాయి చూసినవా? పనోళ్లకు ఇయ్యలే, నేనే కూసోని పట్టిన పాలిష్. మొఖం చూసుకోవచ్చు. సర్‌ప్రైజ్ ఇద్దామని నీకు చెప్పలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గాడిద కొడకా" అనబోయి, ఆ తిట్టులో మా అబ్బా కూడా ఇరుక్కుంటాడని గుర్తొచ్చి "గాడిదా" దగ్గరే ఆపాను. అయినా మెస్ మొత్తం నావైపు తిరిగింది. పళ్లెం ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలీదు. ఆ రాయి మీద ఏడు వందల ఏళ్ల నాటి శాసనం ఉండేది. నా పరిశోధన మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. దాన్ని మా అన్న నాకోసమని, ప్రేమతో, స్వయంగా అరగదీశాడు.

నేను యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఖమ్మంలో గ్రానైట్ షాపు నడిపే మక్సూద్ కూతురికి పాత రాళ్ల చదువెందుకని చుట్టాలందరూ అడిగారు. కొత్త రాళ్లు ఇంట్లోనే ఉన్నాయి కదా, అవి అమ్ముకుంటే చాలదా అని వాళ్ల వేళాకోళం. నా టాపిక్ చెబితే ఇంకా నవ్వుతారు. శాసనాల చివర ఉండే శాపాలు. శాసనంలో పైన ఎవరు ఏ దానం చేశారో ఉంటుంది. అడుగున, ఆ దానాన్ని చెడగొట్టినవాడు ఏమైపోవాలో ఉంటుంది. గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడని ఒకచోట, పురుగై పుడతాడని ఇంకోచోట. పండితులు పైభాగం చదివి, రాజుల బిరుదులు లెక్కపెట్టుకుని, శాపం దగ్గరికి రాగానే "మామూలు శాపవాక్యం" అని రాసి పుస్తకం మూసేస్తారు. నాకు మాత్రం ఆ అడుగు పంక్తుల్లోనే మనుషులు కనిపిస్తారు. ఒక ఊరు దేనికి భయపడేదో, దేని గురించి అంత కోపం పెట్టుకునేదో అక్కడే తెలుస్తుంది.

అడవి అంచు ఊళ్లలో ఏమని శపించుకునేవాళ్లో ఎవరూ చూడలేదు. అందుకే ఎండాకాలమంతా దమ్మపేట చుట్టుపక్కల తిరిగాను. అక్కడ చెంచురామయ్య గారి ఆయిల్‌పామ్ తోటలో, వాగు గట్టున, సగానికి పైగా భూమిలో కూరుకుపోయిన ఈ రాయి కనిపించింది. చెంచురామయ్య పెద్ద రైతు. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. నాకు మజ్జిగ ఇప్పించి, పక్కనే నిలబడి, నేను రాయిని చేత్తో తడుముతుంటే వింతగా చూశారు.

"మా నాన్న కాలం నుంచీ ఉందమ్మా అది. ట్రాక్టరుకు అడ్డమొస్తోంది, పీకిద్దామనుకుంటూనే ఉన్నాను. ఏముంటుంది దాని మీద?" అన్నారు.

భూమికి పైన నాలుగు పంక్తులున్నాయి. ఎండకీ వానకీ బాగా అరిగాయి. ఎండ పక్కనుంచి వాలేదాకా ఆగి, తంటాలు పడి చదివాను. మారసాని అనే ఆవిడ ఈ వాగుకు కట్ట కట్టించి, ఆ నీళ్లను ఊరివాళ్లందరికీ విడిచిపెట్టింది. రాజు లేడు, సేనాని లేడు. ఒక ఆడమనిషి, ఒక వాగు, ఒక ఊరు. ఆ నీళ్లను ఆపినవాణ్ని ఏం చేయాలో మారసాని కింద రాయించే ఉంటుంది. అది మట్టిలో ఉంది. గునపంతో మూరెడు తవ్వితే నా చేతికి వచ్చేది.

నా సంచిలో కాగితం, బ్రష్షు, ఇంకు అన్నీ ఉన్నాయి. తడి కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, పైన ఇంకు అద్దితే గుంటల్లోని అక్షరాలు తెల్లగా తేలతాయి. దాన్ని అచ్చుప్రతి అంటారు. అది ఒక్కటి తీసుకుంటే, రేపు రాయి పోయినా రాత పోదు. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా నేర్పే పాఠం ఇది. నాకు నేర్పింది మా గైడ్ వెంకటకృష్ణ సార్. అందుకే తవ్వే ముందు ఆయనకు ఫోన్ చేశాను.

"ముట్టుకోకు సైమా," అన్నారు సార్. "మట్టి తియ్యొద్దు, అచ్చుప్రతి తియ్యొద్దు. ఫొటోలు మాత్రం పంపు. నేను ప్రెస్‌తో వచ్చి వాళ్ల ముందే తీయిస్తాను. శాసనం బయటపడటమంటే మామూలు విషయం కాదమ్మా, దానికొక పద్ధతుంది."

గైడ్ మాట దాటితే పీహెచ్‌డీలో నూకలు చెల్లినట్టే. ఫొటోలు పంపి, సంచి భుజానేసుకుని తిరిగొచ్చాను. సార్‌కు మాత్రం తీరిక దొరకలేదు. ఒకసారి సెమినారు, ఒకసారి రిబ్బను కత్తిరించడానికి రావలసిన నాయకుడికి కుదరకపోవడం. చివరికి తేదీ కుదిరాక, నాకు చెప్పకుండా, సార్ నేరుగా చెంచురామయ్య గారికి ఫోన్ చేశారు. రాయిని బయటికి తీయించి, బాగా శుభ్రం చేయించి, దిమ్మె కట్టించి నిలబెట్టమన్నారు. నన్ను వేలు పెట్టనివ్వని మనిషి, జేసీబీని పెట్టమన్నాడు. చెంచురామయ్య గారు తమ ఇంటి ఫ్లోరింగు ఏ షాపులో కొన్నారో ఆ షాపుకే రాయిని ట్రాలీలో పంపించారు. అది మా షాపు.

మెస్‌లోంచి అలాగే వెళ్లి ఖమ్మం బస్సెక్కాను.

బైపాస్ రోడ్డులో మా షాపు. బయట బోర్డు మీద మక్సూద్ గ్రానైట్స్ అని ఉంటుంది. లోపల ఎప్పుడూ దుమ్ము, నీళ్లు, మిషన్ల రొద. నేను వెళ్లేసరికి అన్న ఆ రాయిని గోడకు ఆనించి, పాత టవల్‌తో తుడుస్తున్నాడు. నన్ను చూసి వాడి మొహం వెలిగింది. ఆ మొహం చూసి నాకు ఇంకా మండింది.

"భాయ్, అక్షరాలేవి?" అన్నాను.

"ఏ అక్షరాలు?"

"దాని మీద రాత ఉందా లేదా? నీకు కళ్లు లేవా?"

"ఉండె. గీతల్లెక్క ఉండె," అన్నాడు వాడు, నా గొంతు విని కొంచెం వెనక్కి తగ్గి. "పాలిష్ పడితే తేలుతయనుకున్న. మన శిలాఫలకాలకు తేలుతయి గదా. అవి లోతుంటయి. ఇవి లోతు లేకపాయె. ఒక పొర తీసేసరికి పోయినయి."

"పోతున్నాయని తెలిసినాక ఆపొచ్చు కదా!"

"సగం పట్టి ఆపితే రాయి ఖరాబ్ గాదా? అయినా గిదేంది, నీ దగ్గర ఫొటో ఉందంటివి. మళ్ల చెక్కుదం. గింత లొల్లి దేనికి?"

వాడి తప్పేమిటో వాడికి అర్థం కావడం లేదు. ఎందుకు కావడం లేదో నాకు అర్థమైంది. మా షాపులో రాతి మీద రాతకు ఆయుష్షు తక్కువ. ఏదో బిల్డింగుకు శంకుస్థాపన జరుగుతుంది, ఫలకం చెక్కిస్తారు. ఈలోగా చైర్మన్ మారతాడు. అదే రాయి మా దగ్గరికి తిరిగొస్తుంది. పై పొర అరగదీసి, పాలిష్ పట్టి, కొత్త పేర్లు చెక్కి పంపిస్తాం. ఒక్కో రాయి మీద ముగ్గురు చైర్మన్లు దిగిపోయారు. మా వాళ్ల దృష్టిలో రాత ఎప్పుడైనా తీసి మళ్లీ పెట్టుకునేది, రాయి మాత్రం ఉండేది. దాన్ని మెరిపించడమంటే దానికి ఇజ్జత్ ఇవ్వడం. నా చదువు దీనికి సరిగ్గా తలకిందులు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే రాళ్ల మధ్య పెరిగి, ఈ ఒక్క ముక్క నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని నాకెట్లా తెలుస్తుంది!

అప్పుడు అన్న అసలు మాట అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

"పైన నాలుగు లైన్లు ఎట్లాగూ అరిగిపోయినవే. కిందివే మంచిగుండె. మూడు లైన్లు. మట్టిల ఉన్నయ్ గదా, నిన్న చెక్కినట్టు ఉండె."

"మంచిగా కనపడ్డాయా?"

"అవ్. వేలు పెడితే గుంట తెలుస్తుండె."

"ఫొటో తీసినవా?"

"పనికి ముందు ఎవడు తీస్తడు సైమా ఫొటో? పనైనంక తీస్తం."

అక్కడున్న గ్రానైటు బండ మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంత కోపానికి చేతులు చాలవు కాబట్టి పక్కనున్న బకెట్టును తన్నాను. లోపలి గదిలోంచి అబ్బా వచ్చి, నన్నూ, దొర్లుతున్న బకెట్టునూ, తల దించుకున్న కొడుకునూ చూసి, నీళ్లు తెచ్చి ఇచ్చాడు. నేను తాగలేదు.

వెంకటకృష్ణ సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వినగానే ఆయన గుండె ఆగుతుందేమోనని భయపడ్డాను. "చెంచురామయ్య గారికి ఏమీ చెప్పకు. నేను రేపు వస్తున్నాను," అని పెట్టేశారు. గుండె ఆగలేదు, లెక్కలు వేసుకుంటోంది.

సార్ చెప్పినట్టే వచ్చారు. మధిర దగ్గర పెద్ద భూముల కుటుంబం ఆయనది. మాట మెత్తగా ఉంటుంది. మెరిసే రాయి చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి కాగితం తీసి అబ్బా చేతిలో పెట్టారు. పాత లిపిలో ఏడు పంక్తులు, ఒక్కో అక్షరం పెద్దగా రాసి ఉన్నాయి.

"మక్సూద్ గారూ, మీరు చేత్తో చెక్కుతారట. మిషన్ వద్దు. ఉలితోనే, కొంచెం అరిగినట్టు కనిపించాలి. పాలిష్ మీద యాసిడ్ కొట్టి మెరుపు తగ్గించండి. మిగతాది నేను చూసుకుంటాను."

కాగితం లాక్కుని చదివాను. మొదటి నాలుగు పంక్తులు నా ఫొటోల్లోవే. మిగతా మూడూ ఎక్కడివి? కాకతీయుల సేనాని ఒకడు ఇక్కడ విడిది చేసి ఈ దానాన్ని ఖాయం చేశాడట. అది సార్ పుస్తకంలోని సిద్ధాంతం. కాకతీయుల సైన్యం ఈ దారినే గోదావరి దాటిందని ఆయన పదేళ్లుగా రాస్తున్నారు. ఆధారమేదని అందరూ అడుగుతున్నారు. ఇదిగో ఆధారం. నిన్న రాత్రి, తన బల్ల మీద, బాల్‌పెన్నుతో!

"సార్, ఈ మూడు లైన్లు మీరే రాశారు," అన్నాను.

"అక్కడ ఏదో ఒకటి ఉండే ఉంటుంది కదమ్మా. ఖాళీగా పెడితే అడుగుతారు."

"అక్కడ శాపం ఉంది. మారసాని శాపం."

"నువ్వు చదివావా?"

"మీరు చదవనిచ్చారా?"

మెత్తటి మాట అక్కడితో అయిపోయింది. సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాతో కాదు, అబ్బాతో మాట్లాడారు.

"చూడండి మక్సూద్ గారూ. పురాతన వస్తువును పాడుచేస్తే కేసవుతుంది. పాడుచేసింది మీ అబ్బాయి. నేను శుభ్రం చేయమన్నాను, అరగదీయమనలేదు. పైగా రోజులు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పాలా? సూర్యచంద్రులున్న శాసనం, ఖమ్మంలో మక్సూద్ అనే ఆయన షాపులో నాశనమైందని ఎవడో ఒకడు ఫోన్లో పెడితే, తెల్లారేసరికి అది ఏ రూపంలో ఎక్కడిదాకా పోతుందో ఆలోచించండి. నేను మీ మంచికే చెబుతున్నాను. రాయి ఫొటోలు కూడా ఎవరికీ పంపకండి. ఏవీ ఫోన్లలో ఉండకూడదు. గుడ్డ చుట్టి నేరుగా తోటకు పంపండి."

వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "నీ థీసిస్ మీద సంతకం నాదే కదమ్మా. దాని గురించి దిగులు పెట్టుకోకు," అన్నారు. ఆ చెయ్యి కొరకాలనిపించింది. నాకు శాసనాలు చదవడం నేర్పిన మనిషి. ఒక్క అక్షరం ఊహించి పూరించినా, ఊహించానని చెప్పి తీరాలని మా క్లాసులో బల్ల గుద్ది చెప్పిన మనిషి. కంచే చేను మేయడమంటే ఏమిటో ఆరోజు మా షాపులో కళ్లారా చూశాను.

సార్ కారు కదలగానే అబ్బా ఉలి తీసుకున్నాడు.

"అబ్బా, నువ్వు చెక్కుతవా?" అని అరిచాను.

"ఏంజెయ్యమంటవ్ బేటీ? మీ అన్నను లోపలేసినంక నీ శాపాలు చదువుకుంట కూసోవాల్నా?" అబ్బా గొంతు కూడా లేచింది. "శిలాఫలకాల మీద నేనెన్ని అబద్ధాలు చెక్కలే? కట్టని బ్రిడ్జికి చెక్కిన. తెరవని దవాఖానాకు చెక్కిన. గిదొక్కటి ఎక్కువైతదా?"

"వాటిని ఎవరూ నమ్మరు అబ్బా. దీన్ని నమ్ముతారు. పుస్తకాల్లోకి ఎక్కిస్తారు, పిల్లలకు పాఠం చెబుతారు. మారసాని నోట్లో సార్ తన మాటలు కుక్కుతున్నాడు. ఆమె చచ్చిపోయింది, వచ్చి అడగదు. నేను బతికే ఉన్నా కదా!"

"మరి జావీద్?"

ఆ ప్రశ్నే నాకు పిచ్చెక్కించింది. సార్ చెప్పిన భయం అబద్ధం కాదు. అది నిజమని తెలుసు కాబట్టే ఆయన దాన్ని అంత నింపాదిగా మా బల్ల మీద పెట్టి పోయాడు. మా పేరే మా మెడకు ఉరి అని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ తాడు కొస ఆయన చేతిలో ఉంది. ఈరోజు సేనాని, రేపు ఇంకొకటి. ఎప్పుడు ఏం చెక్కమన్నా చెక్కుతూనే ఉండాలి.

"వాళ్లు బయటపెట్టే ముందు మనమే చెబితే?" అన్నాను. "అన్న పేరు అన్నే చెప్పుకుంటే వాళ్ల చేతిలో ఇంకేం మిగులుతుంది? దాచింది దొరికితేనే కదా వాళ్లకు కావలసినట్టు తిప్పుకునేది. దాచకపోతే?"

"అట్ల గూడ మనల్నే గుంజుతరు," అన్నాడు అబ్బా.

"గుంజుతారు. కానీ అప్పుడు పక్కన సార్ పేరు కూడా ఉంటుంది. తోట ఆయన పేరు కూడా ఉంటుంది. మన ఒక్కరిదే ఉండదు."

అప్పటిదాకా అన్న రాయి ముందు గొంతుక్కూర్చుని, అందులో కనిపిస్తున్న తన మొహాన్నే చూసుకుంటున్నాడు. లేచి, అబ్బా చేతిలోంచి ఉలి తీసుకున్నాడు.

"నా చేతుల్తోటి పోయినయ్. నా పేరు నేనే చెక్కుత," అన్నాడు. "ఏం రాయాల్నో చెప్పు సైమా. గీ కాలం తెలుగుల చెప్పు. అందరికి చదువరావాలె."

పైన నాలుగు పంక్తులు పాత లిపిలో, నా ఫొటోల్లో ఉన్నవి ఉన్నట్టు. ఫొటోలో కనపడని అక్షరం దగ్గర చుక్క. దాని కింద మూడు పంక్తుల మేర ఖాళీ వదిలాం. ఖాళీ కింద ఏం రాయాలో ముగ్గురం కూర్చుని, కొట్టుకుని, తిట్టుకుని తేల్చాం. అన్న చివర్లో అడిగాడు, ఒక శాపం కూడా పెడదామా అని. నా నోటి నిండా శాపాలే ఉన్నాయి ఆరోజు. అయినా వద్దన్నాను. ఆ జాగా మారసానిది, అందులో నా మాట పెడితే నాకూ సార్‌కూ తేడా ఏముంటుంది?

అబ్బా కొడుకు పక్కన కూర్చుని ఉలి పట్టు సరిచేశాడు. మిషన్లకు అలవాటుపడిన అన్న చేతికి బొబ్బలెక్కాయి. చెక్కడం అయ్యాక రాయికి గుడ్డ చుట్టి, ఫొటో తీయకుండా, సార్ చెప్పినట్టే పంపించాం. సార్ ఫోన్ చేసి అడిగితే, "అయిపోయింది సార్, మంచిగ వచ్చింది," అన్నాడు అన్న.

ఆవిష్కరణ రోజు తోటలో షామియానా వేశారు. ఊరి జనం, నాయకులు, కెమెరాలు. వాగు పక్కనే సిమెంటు దిమ్మె మీద అన్నే ముందుగా వచ్చి రాయిని నిలబెట్టి, పట్టుగుడ్డ కప్పాడు. చెంచురామయ్య గారు తెల్లటి పంచె కట్టుకుని, పెళ్లికూతురి తండ్రిలా అందరినీ పలకరిస్తున్నారు. ఆయనకు ఏమీ తెలీదు. నన్ను చూసి, "రామ్మా, నీ వల్లే కదా ఇదంతా," అని ముందు వరసలో కూర్చోబెట్టారు. అన్న నా వెనక నిలబడ్డాడు.

నాయకుడు గుడ్డ లాగాడు. చప్పట్లు కొట్టారు. సార్ రాయికి వీపు పెట్టి, కెమెరాలవైపు తిరిగి, జేబులోంచి కాగితం తీశారు. రాయిని చూడాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ లేదు. మారసాని దగ్గర మొదలుపెట్టి, సేనాని దగ్గరికి రాగానే గొంతు పెంచారు.

ఆయన వెనక జనం రాయిని చదువుతున్నారు. అర్థమయ్యే తెలుగులో ఉన్న శాసనాన్ని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు. ఒకరు పైకే చదివారు, పక్కవాళ్లు అందుకున్నారు.

"పై నాలుగు పంక్తులు పాతవి, ఫొటో చూసి మళ్లీ చెక్కినవి. వీటి కింద మూడు పంక్తులు ఉండేవి. ఎవరూ చదవకముందే పాలిష్‌లో పోయాయి. శుభ్రం చేయమన్నది ప్రొఫెసర్ వెంకటకృష్ణ. పంపింది చెంచురామయ్య. అరగదీసింది ఖమ్మం మక్సూద్ కొడుకు జావీద్."

లోకల్ ఛానల్ రిపోర్టరు ప్రసూన మైకు ముందుకు చాపింది. "సార్, మీరు చదివే సేనాని ఈ రాయి మీద ఎక్కడున్నడు?"

సార్ వెనక్కి తిరిగారు. మనిషి మొహంలోంచి రక్తం దిగిపోవడం నేను మొదటిసారి చూశాను. చూడటానికి బాగుంది, అబద్ధమెందుకు. కానీ ఆయన తేరుకోవడం ఎంతసేపు!

"చూశారా? చూశారా వీళ్ల పని?" అని మైకులో అరిచారు. "ఇంత పవిత్రమైన శాసనాన్ని ఎవరు నాశనం చేశారో పేరు చూడండి! ఎవరి షాపో చూడండి!"

"అవ్ సార్, నేనే," అన్నాడు అన్న. వాడు ముందుకు ఎప్పుడు వెళ్లాడో నేను చూడలేదు. "రాసిన గదా. నా పేరు పైన మీ పేరు గూడ రాసిన. తప్పుంటే చెప్పుండ్రి, ఈడ్నే కొట్టేస్త."

గుంపులో ఎవరో నవ్వారు. ఇంకెవరో అన్నను తిట్టారు. కర్ర పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు దిమ్మె దగ్గరికి రాబోయారు. చెంచురామయ్య గారు వాళ్లను చేత్తో ఆపి, తానే రాయి దగ్గరికి వెళ్లారు. కళ్లజోడు పెట్టుకుని, తన పేరున్న చోట వేలుపెట్టి, ముందు నుంచి చివరి దాకా చదివారు. మళ్లీ చదివారు. సార్‌వైపు తిరిగారు.

"మూడు లైన్లు పోయాయా? పోయాయని మీకు తెలుసా?"

"చెంచురామయ్య గారూ, అది తర్వాత మాట్లాడుకుందాం..."

"తెలిసే నా తోటలో పందిరి వేయించారా? నా చేత భోజనాలు పెట్టించారా?" ఆయన గొంతు ఎంత పెద్దదో అప్పుడే విన్నాను. "దిగండి ముందు. ఆ మైకు అక్కడ పెట్టి దిగండి."

సార్ దిగారు. నా పక్కనుంచి పోతూ, పళ్లు కొరుకుతూ, "యూనివర్సిటీలో ఎలా అడుగుపెడతావో చూస్తాను," అన్నారు. "అచ్చుప్రతి తీయనిచ్చి ఉంటే మన మధ్య ఇక్కడిదాకా వచ్చేది కాదు సార్," అన్నాను. వినిపించుకోలేదు. కారు డోరు వేసిన చప్పుడు మాత్రం గట్టిగా వినిపించింది. నా పీహెచ్‌డీ ఆ కారులోనే వెళ్లిపోతోందని తెలుసు. అయినా నాకింకా అరవాలనే ఉంది.

నాయకుడు వెళ్లాడు, కెమెరాలు ఆయన వెనక వెళ్లాయి. ప్రసూన ఒక్కతే ఉండి, అన్నతో మాట్లాడుతోంది. చెంచురామయ్య గారు మాత్రం రాయి దగ్గరే ఉన్నారు. ఖాళీగా వదిలిన జాగా మీద అరచెయ్యి పెట్టి నన్ను పిలిచారు.

"ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడే బాబాయ్ గారూ."

"ఏం రాసి ఉండేది?"

నా నోటి దాకా వచ్చింది. నీళ్లు ఆపినవాణ్ని ఏమంటారో, వాగును మళ్లించుకున్నవాణ్ని ఏమంటారో, వేరే ఊళ్ల శాసనాల్లోంచి ఏరి ఒక వంద శాపాలు చెప్పగలను. అందులో ఏదో ఒకటి దగ్గరగానే ఉండేది. ఆయన నమ్మేవారు కూడా.

"తెలీదు," అన్నాను.

"అంత చదువుకున్నావు కదమ్మా. కాస్త అందాజుగా అయినా చెప్పలేవా?"

"తెలీదు బాబాయ్ గారూ. మీరు తెలుసుకోలేరు, నేను తెలుసుకోలేను. ఇంక ఎవ్వరూ తెలుసుకోలేరు."

ఆయన చెయ్యి తీయలేదు. వాగులో ఆయన మోటారు నడుస్తోంది, నీళ్లు పైపుల్లోంచి తోటలోకి పోతున్నాయి. "ఆ మోటారు వేయడానికి రోజూ దీని పక్కనుంచే పోయానమ్మా," అన్నారు. "ఒక్కసారి వంగి మట్టి తీసి చూస్తే పోయేది. ఆ మారసాని ఏం చెప్పిందంటావు?"

ఆయన మళ్లీ అడిగారు. నేను మళ్లీ అదే చెప్పాను.